నాలుగో తలుపు

ఆ పై వాటాలో ఎవరూ రెండు నెలలకి మించి ఉండరు.

ఈ మాట ఇస్త్రీ చేసే ఆయన చెప్పాడు, ఎదురింటి టైలరమ్మ చెప్పింది. రాత్రి రెండింటికి తలుపు కొడతారట... తీస్తే ఎవరూ ఉండరట. ఇవన్నీ మా అక్కకి ఎప్పుడు చెప్పారు? సామాను మొత్తం దించేశాక!

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. పొద్దస్తమానం కణాలు లెక్కపెట్టే మనిషి. అలాంటిది, మొదటిసారి ఇల్లు తీసుకుంటూ మాత్రం ఓనరిచ్చిన కాగితం చదవకుండానే సంతకం పెట్టేసింది. ఓనరు రిటైరైన లెక్కల మాస్టారు. ఇంట్లో ఏమేం ఉన్నాయో అన్నీ రాసిచ్చాడు — ఫ్యాన్లు రెండు, కిటికీలు మూడు, చెక్క బీరువా ఒకటి, తలుపులు నాలుగు, ఉండేవాళ్ళు ఒకరు.

"లెక్క చూసుకోమ్మా," అన్నాడట. పెద్దాయన ఎదురుగా లెక్కపెడితే ఏం బాగుంటుందని ఈవిడ మొహమాటం.

మొదటి రాత్రి. సరిగ్గా రెండింటికి —

టక్... టక్... టక్.

వీధి తలుపు తీసింది. ఎవరూ లేరు. బాల్కనీలో లేరు. తుడుపుకర్ర పట్టుకుని బాత్రూం కూడా చూసిందట, పిచ్చిది.

రెండో రాత్రీ అంతే. మూడో రాత్రి నాకు ఫోన్ చేసింది.

"వచ్చెయ్ అక్కా," అన్నాను. భయం ఆమెది, వణుకు నాది.

"రాను. నెల తిరక్కుండా పెట్టె సర్దుకుని వస్తుందని నాన్న అందరి ముందూ అన్నాడు. ఇప్పుడెళ్తే ఇక నన్ను గడప దాటనిస్తారా? దెయ్యమే పోవాలి, నేను పోను."

అప్పుడు బయటికి తీసింది ఆ కాగితం.

"వీధి తలుపు ఒకటి... బాల్కనీది రెండు... బాత్రూంది మూడు..." ఆగింది. "వంటగదికి తలుపు లేదురా."

తర్వాత ఫోన్‌లో — బీరువా ఈడుస్తున్న చప్పుడు.

బీరువా వెనక ఉంది నాలుగోది. గడియ ఇటువైపే ఉంది. గోడతోపాటు దానికీ రంగేసేశారు.

తెల్లారగానే మాస్టారిని పైకి తీసుకొచ్చింది. "నాలుగని రాశారుగా సార్, తీసి చూపించండి."

ఆయన గడియ లాగాడు. రంగు పెచ్చులు రాలాయి. తలుపు తెరుచుకుంది. అవతల... ఏమీ లేదు. గోడంచు, గాలి, పన్నెండడుగుల కింద సందు.

"ఒకప్పుడు ఇటే మెట్లుండేవి," అన్నాడు. "పడగొట్టించి పదిహేనేళ్ళయింది."

"ఎందుకు పడగొట్టించారు?"

ఆయన తలుపు మూసి మళ్ళీ గడియ పెట్టాడు. "ఉంటావా, ఖాళీ చేస్తావా తల్లీ?" అన్నాడు.

"ఉంటాను."

ఆ రాత్రి నేను ఫోన్ పెట్టెయ్యనివ్వలేదు. రెండయింది. ఈసారి నాకూ వినపడింది.

టక్... టక్... టక్.

అక్క ఆ తలుపు దగ్గరికే వెళ్ళింది. గొంతు తగ్గించింది గానీ, తడబడలేదు.

"చూడు. ఇది నా ఇల్లు. అద్దెదే అనుకో, అయినా నాదే. పొద్దున్నే డ్యూటీకి పోవాలి, నిద్ర చెడగొడితే ఊరుకోను. రావాలనుంటే మర్యాదగా వీధి తలుపు వైపు నుంచి రా. లేదంటే పో."

కొట్టడం ఆగిపోయింది.

కాసేపటికి అవతల... మెల్లగా... మెట్లు దిగుతున్న అడుగులు.

లేని మెట్లు.

అడుగులు కిందికి పోయాయి. ఇక పీడ విరగడైందనుకున్నాను —

కాలింగ్ బెల్ మోగింది.

"అక్కా, తియ్యొద్దు! నీకు దణ్ణం పెడతా, తియ్యొద్దు!"

"రమ్మన్నది నేనే కదరా," అంది. ఫోన్ కట్టయింది.

రాత్రంతా చేస్తూనే ఉన్నాను. పొద్దున ఎనిమిదింటికి ఎత్తింది. "లేటవుతోంది, మళ్ళీ చెప్తా." ఏడాదైంది, ఇంతవరకూ చెప్పలేదు. ఇల్లు మాత్రం ఖాళీ చెయ్యలేదు. పెద్దనాన్న ఆ పెట్టె ఊసే మానేశాడు.

నిన్న వెళ్ళాను. ఆ కాగితం గోడకి అంటించి ఉంది. చివరి వరుసలో 'ఒకరు' కొట్టేసి ఉంది. పైన అక్క చేతిరాతలో — 'ఇద్దరు'.

పక్కనే మాస్టారి సంతకం.

"ఆయనేం అడగలేదా?" అన్నాను.

"అడగలేదు," అంది అక్క. "ఇన్నాళ్ళకి లెక్క సరిపోయిందన్నాడు."