ఇంకా సముద్రం మీదే ఉంది

బతుకుదెరువుకు వలస వచ్చిన ఉధ్నాలో ఆ రోజు కరెంటు సెలవు. కింది కార్ఖానాలో బట్ట నేసే సాంచెల మోత లేదు. పగలూ రాత్రీ ఆ చప్పుడులోనే బతికిన కనకవ్వకు చెవుల్లో దూది కుక్కినట్టుంది.

షార్జాలో పనిచేసే కొడుకు నరహరి ఈ సాయంత్రం వస్తున్నాడు. మూడు నెలల కూతుర్ని ఇంతవరకూ ఎత్తుకోలేదు. ఎయిర్‌పోర్టుకు బయలుదేరుతూ కోడలు ప్రసన్న అత్త ఫోను గోడకు ఆనించి పెట్టింది. తెర మీద నీలం సముద్రం, దాని మీద చిన్న విమానం బొమ్మ.

"పద్దెనిమిది వందల కిలోమీటర్లట అత్తమ్మా. మూడు గంటలు. గీ బొమ్మ ఒడ్డుకొచ్చిందంటే మీ కొడుకు వచ్చినట్టే. పాప పైలం. అసలే మీరు..."

"పొయ్యి మీద పాలు మరుస్త గని, పిల్లను మరుస్తనా? నడువ్ నడువ్."

నవ్విందే గానీ లోపల గుబులే. ఈ మధ్య తిన్నదీ లేనిదీ కూడా గుర్తుండటం లేదు. అందుకే ఉయ్యాల తాడు చేతిలోంచి వదల్లేదు.

పొద్దు వాలింది. కిటికీలోంచి ఖాడీ కాలువ మురుగు వాసన వస్తోంది. ఉన్నట్టుండి ఆ వాసన కూడా ఆగిపోయింది.

"అవ్వా."

గుమ్మంలో నరహరి. చేతిలో సంచీ కూడా లేదు.

"అప్పుడే వచ్చినవా కొడుకా! ఆడ్నే ఆగు. కాళ్లు కడుక్కోనిదే పసిపిల్లను ముట్టద్దు. దూరం నుంచి వచ్చినోని ఎంట ఏదన్న వస్తది. చెంబు గడప కాడ పెట్టిన."

"కడుక్కున్న కదనే." గొంతు మెత్తగా ఉంది. "నీ ముందరనే. మరిచినవా?"

కనకవ్వ చిన్నబోయింది. నీళ్ల చప్పుడు విన్నట్టే ఉంది... వినలేదేమో. ఇంకోసారి అడగడానికి సిగ్గేసింది. పాపను తీసి వాడి చేతుల్లో పెట్టింది.

వాడు పాప మొహం చూడలేదు. నడినెత్తికి ముక్కు ఆనించి వాసన చూశాడు.

"జర బయట తిప్పుకొస్త."

వాడు వెళ్లాకే చూసింది. చెంబు నిండుగా ఉంది. గడప పొడిగా ఉంది. గబుక్కున ఫోను వైపు తిరిగింది.

విమానం ఇంకా సముద్రం మీదే ఉంది.

పడుతూ లేస్తూ కిందికి పోయింది. మెట్ల దగ్గర కొత్తిమీర ఏరుతోంది పక్కింటి వెంకటవ్వ.

"ఎవ్వరు దిగలేదక్కా. నరహరి విమానంలనే ఉన్నడంటివి కద! పిల్లను ప్రసన్ననే తోల్కపోయి ఉంటది. నిన్న చెప్పులేసుకొనే చెప్పులు దేవులాడినవ్, ఇది గూడ గట్లనే."

మేడ మీద చూసింది. గల్లీలో చూసింది. ఫోను చేస్తే ప్రసన్న ఎత్తలేదు. చివరికి ఖాళీ ఉయ్యాల ముందు కూలబడింది. విమానం చీమలా పాకుతోంది. దాన్ని ఆపనూ లేదు, ముందుకు తోయనూ లేదు. కోడలికి ఏమని చెప్పాలి...

బొమ్మ ఒడ్డు దాటింది. ఆగింది.

చాలాసేపటికి ఫోను మోగింది.

"అత్తమ్మా..." ప్రసన్న గుసగుస.

కనకవ్వ ఫోను చెవికి అదుముకుంది.

"మీ కొడుకు దిగిండు. చేతుల... పాప ఉన్నది. మన పాపనే. పొద్దున నేను తొడిగిన అంగీనే. షార్జాల ఎక్కినప్పటిసంది తన ఒళ్లోనే ఉందంటున్నడు. నేను ఇంట్ల వదిలొచ్చిన కద అత్తమ్మా? వదిలొచ్చిన కద?"

"వదిలినవ్ బిడ్డా... పాప ఏడుస్తుందా?"

"లేదు. నవ్వుతుంది."

ప్రసన్న గొంతు ఇంకా తగ్గించింది.

"అత్తమ్మా... నోటి నిండ పళ్లున్నయి."