ఈ అద్దమా, ఇందాకటిదా?

ఆ ఇంట్లో పొద్దున్నే ఎవరూ ఎవర్నీ ఏమీ అడగనక్కర్లేదు. తండ్రి దగ్గబోయేలోపే గోరువెచ్చటి నీళ్లు చేతికొస్తాయి. కూతురు చిట్టి దుప్పటి విసిరిన తీరు చూసి, ఇవాళ దాన్ని పలకరించొచ్చో లేదో తల్లి చెప్పేయగలదు.

"మీ అమ్మ ఉండగా నాకు నోరెందుకమ్మా, తినడానికి తప్ప!" అన్నాడు తండ్రి.

తల్లి పైకి నవ్వలేదు గానీ లోపల మురిసిపోయింది. ఆమె కళ్లజోళ్ల దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. నలుగురిలో మాట్లాడమంటే ప్రాణం మీదికొస్తుంది. కానీ ఎదుటి మనసులో ముల్లెక్కడ గుచ్చుకుందో ఇట్టే పసిగడుతుంది.

చిట్టి ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లింది. వేరే ఊరి మ్యూజియంలో పాత చిత్రపటాలు బాగుచేసే ఉద్యోగం. ఇంటర్వ్యూ అయి రెండు నెలలైంది, కబురు లేదు. ఇక ఆగలేక తనే అడుగుదామనుకుంది.

వంటింట్లో టీ వడకడుతున్న తల్లి చెయ్యి ఆగిపోయింది.

రెండు నిమిషాల్లో చిట్టి తిరిగొచ్చింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నాన్నా, నేను రానన్నానట. మూడు వారాల క్రితం అమ్మే చెప్పిందట. ఆ ఉద్యోగం వేరేవాళ్లకి ఇచ్చేశారు."

తండ్రి టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఏమిటే ఇది?" అన్నాడు భార్యతో.

"అది స్నానానికి వెళ్లినప్పుడు, ఉద్యోగంలో చేరమని ఫోనొచ్చింది," తల్లి గొంతు పీలగా వచ్చింది. "అప్పటికి వారంగా దానికి నిద్ర లేదు. అన్నం కెలికి వదిలేసేది. దిండు తడిసుండేది. మీరేమో కూతురికి మ్యూజియంలో ఉద్యోగమని కనపడ్డవాళ్లందరికీ గొప్పగా చెప్పుకుంటున్నారు. మీరు చిన్నబుచ్చుకుంటారని కాదనలేక నలిగిపోతోందని నాకు తెలిసిపోయింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అంది చిట్టి.

"చెబితే నొచ్చుకుంటావని. వాళ్లే తీసుకోలేదనుకుని మర్చిపోతావులే అని..."

"భయమేసిందమ్మా!" చిట్టి అరిచింది. "మూడొందల ఏళ్ల పటం మీద చెయ్యి వెయ్యాలంటే భయమెయ్యదా? నువ్వు చూసింది నిజమే. కానీ ఆ ఉద్యోగం రాదేమోనని కూడా ఏడ్చాను. భయపడితే వద్దన్నట్టా?"

తల్లి దిక్కుతోచక భర్త వంక చూసింది. ఎప్పుడూ ఆమెనే వెనకేసుకొచ్చే మనిషి.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "సందు దొరికిందని కాదు గానీ... నాకా నీలం చొక్కాలు నచ్చవే."

"ఏ చొక్కాలు?"

"ఇరవై ఆరేళ్లుగా నువ్వు కొంటున్నవే. పెళ్లైన కొత్తలో దుకాణంలో ఒకదాని ధర చూసి నోరెళ్లబెట్టాను. నేను మనసుపడ్డాననుకున్నావు. నీ సంబరం చూసి ఊరుకున్నాను."

చిట్టికి ఏడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. తల్లి మాత్రం చతికిలబడిపోయింది.

దుకాణంలో మొదటి అద్దం పెట్టగానే ఎవరి చూపెంతో ఆమెకి తెలిసిపోతుంది. అయినా మార్చి మార్చి పెట్టి అడుగుతుంది: "ఇది బాగుందా, ఇందాకటిదా?" అడక్కుండా ఇంతవరకూ ఒక్కరికీ చీటీ రాయలేదు. పరాయివాళ్లని రోజుకి వందసార్లు అడిగే నోరు, కడుపున పుట్టినదాన్ని ఒక్కసారి అడగలేదు!

"తప్పు చేశానమ్మా," అంది. వెంటనే ఫోన్ అందుకుని మ్యూజియంవాళ్ల కాళ్లావేళ్లా పడదామని లేవబోయింది. సగం లేచి ఆగింది.

"చిట్టీ... వాళ్లతో నన్ను మాట్లాడమంటావా, నువ్వే మాట్లాడతావా?"

జవాబేమిటోనని కూతురి మొహం చదవబోయిన తల్లి, చప్పున కళ్లు దించుకుంది. గచ్చునే చూస్తూ కూర్చుంది. కన్నీళ్లు ఒళ్లో పడుతున్నా తుడుచుకోలేదు.

"ఇద్దరం వెళదాం," అంది చిట్టి చివరికి. "ఇస్తారో ఇవ్వరో తెలీదు. మాట్లాడేది నేను. నువ్వు పక్కన కూర్చో."

"ఊరికే కూర్చుంటే చాలా?" అడిగింది తల్లి.

"చాలమ్మా," అంటూ చిట్టి వచ్చి ఆమె పక్కనే నేలమీద కూర్చుంది.