ఆగితే లేచే మనిషి

చెప్పు నాయనా, దాచకు. ఆ మూసిన టైలరు కొట్టు కిటికీ సందులోంచి నువ్వేం చూశావు?

మిషను పెడలు కిందికీ పైకీ ఆడుతోంది... స్టూలు మీద ఎవరూ లేరు. అంతేగా? నీ ముఖంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు.

ఆ కొట్టుకి చెడ్డపేరు ఈనాటిది కాదు. చీకటిపడితే ఆ సందులోకి కుక్క కూడా రాదు. అందరూ దెయ్యం, దెయ్యం అంటారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే! దెయ్యం సంగతి తర్వాత — ముందు ఆ ఇంట్లో బతికున్న మనిషి సంగతి విను. ఆ టైలరు కొడుకే నాకు చెప్పాడు. విన్నది విన్నట్టు చెబుతున్నా.

టైలరుకి ఇద్దరు పిల్లలు, అక్కా తమ్ముడూ. తల్లి ఆ మిషను మీదే కుట్టీ కుట్టీ పోయింది. కింద కొట్టు, పైన పడక. రాత్రంతా పిల్లలు కుట్టాలి, ఆయన పడుకోవాలి. మిషను చప్పుడు వినిపిస్తూంటేనే ఆయనకి నిద్ర. ఆగిందా... గజంబద్ద పట్టుకుని దిగేవాడు. గుడ్డ పెట్టకుండా ఉత్తుత్తినే తొక్కినా, ఆ పలచని చప్పుడు నిద్రలోనే పసిగట్టేవాడు.

రెక్కలొచ్చాక అక్క వెళ్ళిపోయింది. బట్టల ఫ్యాక్టరీలో పని, ఓ చిన్న అద్దె గది. తమ్ముడు మిగిలిపోయాడు. మీసాలొచ్చినవాడే, అయినా గజంబద్ద చూస్తే గజగజే.

ఒక రాత్రి పెరటి తలుపు మెల్లగా తెరుచుకుంది.

"జరగరా."

"అక్కా! నువ్వెందుకొచ్చావు? ఇది ఆగితే చంపేస్తాడు..."

"ఆగదు. నేను తొక్కుతా. నువ్వు బస్టాండుకి నడు."

"మరి నువ్వో?"

"నా సంగతి నేను చూసుకుంటాలే. నీ కాళ్ళు నీవిరా, పిచ్చోడా... ఆయనవి కావు. పో!"

అతను ఒక పాదం తీశాడు, ఆమె ఒక పాదం పెట్టింది. రెండోది తీశాడు — రెండోది పెట్టింది. చప్పుడు తెగలేదు. పైన గురకా తెగలేదు.

బస్టాండు బల్ల మీద కూర్చున్నా అతని కాళ్ళు వాటంతటవే ఆడుతున్నాయట. అప్పుడు తట్టింది బుర్రకి. అక్క ఎలా వస్తుంది? లేస్తే మిషను ఆగుతుంది. ఆగితే ఆయన...

వెనక్కి పరుగెత్తాడు.

సందు మలుపులో అక్క ఎదురొచ్చింది. కాళ్ళకి చెప్పుల్లేవు. ఒళ్ళంతా చెమట.

"ఆపేసి వచ్చావా?"

"కాళ్ళు తీసేశాన్రా... అది ఆగలేదు." ఆమె తన భుజం తడుముకుంది. "భుజం మీద చెయ్యి పడింది. జరగమన్నట్టు. సూదిపోట్లతో గరుకెక్కిన వేళ్ళు..."

"ఎవరివి?"

"మనకంటే ముందు ఆ స్టూలు మీద ఎవరు కూర్చునేవాళ్ళురా?"

ఇద్దరూ గోడకి ఆనుకుని విన్నారు. దూరంగా... టకటక... టకటక...

ఇప్పుడతనికి సొంత కొట్టుంది. పొద్దుగూకితే షట్టరు దించేస్తాడు, బతిమాలినా రాత్రి కుట్టడు. అక్క ఆ పక్క వీధిలోనే.

ఇక టైలరంటావా — ఆ రాత్రి తర్వాత ఆయన్ని చూసినవాళ్ళు లేరు. పై గదికి ఈనాటికీ లోపలి గడియే. మిషను ఆగితేనే గదా ఆయన లేచేది!

కొట్టుకి తాళం కూడా లేదు, తోస్తే తలుపు వచ్చేస్తుంది. పెడలుకి నీ పాదం అడ్డం పెడితే చాలు, ఆగిపోతుంది.

పెడతావా?