లేని నీలం

ఎక్స్‌రే గదిలో పనిచేసే అతనికి నలుపు తెలుపు బొమ్మలు కొత్త కాదు. అందుకే పక్కగది ఫిజియోథెరపిస్టు ఒక మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకొచ్చి, "ఇందులో తప్పెక్కడుందో మీకేమైనా కనబడుతోందా?" అని అడిగింది. ఆమె కళ్లలోకి చూసే ధైర్యం లేక అతను బొమ్మలకేసి తీక్షణంగా చూశాడు.

ఒకే నెబ్యులాకి మూడు ఫొటోలవి. ఆకాశంలో వెలిగే ఆ వాయువుల మేఘాన్ని ఆమె తన అన్నయ్య టెలిస్కోపుతో తీసింది. హైడ్రోజన్ వెలుగును మాత్రమే రానిచ్చే ఫిల్టరుతో ఒకటి, సల్ఫర్‌కి ఒకటి, ఆక్సిజన్‌కి ఒకటి. సల్ఫర్‌కి ఎరుపు, హైడ్రోజన్‌కి ఆకుపచ్చ, ఆక్సిజన్‌కి నీలం ఇచ్చి కలిపితే రంగుల బొమ్మ రావాలి. ఆమెకు వచ్చింది మాత్రం నాచు పట్టిన నీళ్లతొట్టి.

హైడ్రోజన్ మిగతా రెంటినీ మింగేస్తోందనీ, దేనికది విడిగా వెలుగు పెంచి, ఆ తర్వాత కలపాలనీ అతను చెప్పాడు. ఆమె మొహం విప్పారింది.

"సీనియర్ కూడా అచ్చం ఇదే అన్నారండీ."

ఆ సీనియర్ ఆమె చేరిన ఆకాశం ఫొటోల క్లబ్బులో ఆరితేరినవాడు. పైగా అందగాడు. ఎక్స్‌రే అతను ఆ రాత్రే క్లబ్బు పేజీ తెరిచి మరీ ఆ సంగతి ఖాయం చేసుకున్నాడు.

అప్పట్నుంచి భోజనాల వేళ ఇద్దరూ కలిసి ఆ బొమ్మ ముందు కూర్చునేవారు. చుక్కలు వంగపండు రంగుకి తిరిగితే, ముందు చుక్కల్ని తీసి పక్కన పెట్టమని సీనియర్ చెప్పారట. బొమ్మలోని గరుకుని మరీ నునుపు చెయ్యొద్దని కూడా ఆయనే అన్నారట. అతను "అలాగా" అనేవాడు. ఇంటికెళ్లాక గిన్నెలు దబదబా పడేసేవాడు. ఇంట్లో వదిన, ఎవరి మీద కోపమో గిన్నెల మీద చూపించొద్దని రెండుసార్లు నవ్వింది.

క్లబ్బు ఒక ప్రదర్శన పెడతామనీ, బొమ్మలు పంపమనీ అడిగింది. సీనియర్ ముందే క్లబ్బు పేజీలో పెట్టిన అదే నెబ్యులా బొమ్మలో, నడుమ పల్చటి నీలం పరచుకుని ఉంది. వీళ్లదాంట్లో నీలం ఉందా లేదా అన్నట్టుంది. ఆమె ఆయన బొమ్మ చూసి నిట్టూర్చింది. ఆ నిట్టూర్పుతో అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆదివారం ఇంట్లో కూర్చుని, కంప్యూటర్లో కుంచె తీసి, లేని నీలాన్ని పొరలు పొరలుగా పూశాడు.

సోమవారం వాన. గొడుగు దులుపుకుంటూ వచ్చిన ఆమె బొమ్మ చూసి నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"ఇంత నీలం సీనియర్ బొమ్మలో కూడా లేదు."

ఆ మాట కోసమే అతను ఇన్నాళ్లూ కాచుకున్నాడు. అయితే ఆ సంతోషం నిలవలేదు. ఇద్దరి పేర్లతో ఇప్పుడే పంపేస్తాననీ, క్లబ్బువాళ్లు అసలు ఫొటోలు కూడా అడిగారనీ ఆమె అంది. లేని పగులు ఎముక మీద గీసినవాడికీ తనకీ తేడా ఏముంది? అసలు ఫొటోలు పక్కన పెట్టి చూస్తే తల దించుకోవాల్సింది ఆమె కూడా.

"పంపకండి. ఆ నీలం నేను పూసింది."

"ఎందుకు?" అందామె.

"రోజూ ఆయన మాటే చెబుతున్నారు. వినలేకపోయాను."

ఆమె లాప్‌టాప్ మూత సగం దించింది. "ఆయన నన్ను పెళ్లి చేసుకుంటానన్నారు. ఇంకా ఏమీ చెప్పలేదు నేను."

ఇక దాచుకోవడానికి ఏం మిగిలింది గనక.

"వద్దని చెప్పండి."

"ఎవరి కోసం?"

"నా కోసం."

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ముందు ఆ నీలం చెరిపెయ్."

చెరిపెయ్యండి అనలేదు. అది అర్థం కావడానికి అతనికి కాసేపు పట్టింది.

ప్రదర్శనలో వాళ్ల బొమ్మ తలుపు వెనక్కి పోయింది. హాలు నడుమ సీనియర్‌ది. దాని ముందు ఆగి ఆమె, "ఎంత బాగుందో" అంది. అతను మళ్లీ పాత "అలాగా" తీశాడు. అందులోని కుళ్లు ఆమె కనిపెట్టింది. నవ్వు దాచుకోకుండానే అతని చెయ్యి పట్టుకుని తలుపు వెనక్కి తీసుకెళ్లింది.