మంచికి ఐదు, చెడ్డకు ఒకటి

"ఇక్కడ రోజంతా నిలబడేవాళ్ళు ఎంతమంది సార్?" అని అడిగిందా అమ్మాయి.

మా షాపుకొచ్చే ఆడవాళ్ళు సాఫ్ట్ సిల్క్ ఏ ఫ్లోర్ అని అడుగుతారు, ఆడి తళ్ళుబడి, అదే ఆషాఢం డిస్కౌంటు, ఎప్పుడు మొదలు అని అడుగుతారు. నిలబడేవాళ్ళ గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు. లేబర్ ఆఫీసు నుంచి వచ్చిందేమోనని నాకు గుండె గుభేలుమంది.

"కూర్చునేది నేను, మా నాయన. మిగతా నలభై రెండు మందీ నిలబడేవాళ్ళే. ఏం?"

"ఒక్క స్టూలు కూడా కనపడలేదే?"

"స్టూలు కావాలంటే ఎదురుగా ఫర్నిచర్ షాపు ఉండాది. ఇది బట్టల షాపు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఐడీ కార్డు తీసి నా ముందు టపీమని పెట్టింది. మనస్వి, రీసెర్చ్ స్కాలర్, సైకాలజీ. చదివేది చెన్నైలో, ఊరు తిరుత్తణి.

నా పేరు వీరరాఘవ. అది మా ఊరి దేవుడి పేరు, అందుకే తిరువళ్ళూరులో ఈ పేరున్నవాళ్ళు వీధికి నలుగురుంటారు. ఆ నలుగురిలో ఇంత తెలివితక్కువవాడు ఇంకొకడు ఉండడని మీకే తెలుస్తుంది, వినండి.

"మనుషులు ఒక పనిలో ఎందుకు ఉండిపోతారు అని రీసెర్చ్ చేస్తా ఉండాను సార్" అంది మనస్వి.

"జీతం ఇస్తాం. ఉంటారు."

"అంతేనైతే నాకు పీహెచ్‌డీ ఎందుకు? కొందరు ఇష్టంతో ఉంటారు. కొందరు కష్టకాలంలో ఆదుకున్నారే, వదిలిపెడితే బాగుండదే అని ఉంటారు. కొందరికి వేరే దారి లేదు. నలభై రెండు మందికీ కలిపి సగటు తీసినామనుకోండి, ఆ సగటు మనిషి మీ షాపులో యాడా ఉండడు. అందుకని నేను ఒక్కొక్కర్నీ అడిగి, ఒకే రకం వాళ్ళను ఒక గుంపు చేస్తాను."

"అంటే మేము చీరలు సర్దినట్ల మీరు మనుషుల్ని సర్దుతారు."

"మీరు రంగు చూసి సర్దుతారు. నేను అడిగి సర్దుతాను. తేడా లేదా?"

నాకు తేడా తెలియలేదు గానీ ఆ అమ్మాయి కళ్ళు బాగున్నాయని మాత్రం తెలిసింది. సరేనన్నాను. మా నాన్న జయరామయ్యగారు కూడా, తిరుత్తణి పిల్ల, మనవాళ్ళే అని తెలిసి వెంటనే ఒప్పుకున్నారు. మూడు నెలలకొకసారి వస్తుంది, మొత్తం మూడుసార్లు. ఫారం అరవంలోనే ఉంది, మా షాపులో తెలుగు మాట్లాడేవాళ్ళకు కూడా చదవడానికి వచ్చేది అదే. పేరు రాయనక్కర్లేదు. ప్రతి మాటకూ ఒకటి నుంచి ఐదు దాకా ఒక అంకె వేయాలి. ఒకటంటే అస్సలు కాదు, ఐదంటే నూటికి నూరు పాళ్ళు నిజం.

ఇప్పుడు మావాళ్ళ అలవాటొకటి చెప్పాలి. పిల్లనిచ్చే ముందు పిల్లవాడి షాపులో విచారిస్తారు. ఒక తువ్వాలు కొన్నట్టు కొని, "ఓనరు కొడుకు ఎట్లాంటోడు?" అని పనివాళ్ళను మెల్లగా అడుగుతారు. ఇంట్లోవాళ్ళు అబద్ధం చెప్తారు గానీ పనివాళ్ళు చెప్పరని నమ్మకం.

మొదటిసారి ఫారాలు నింపిన రోజు సాయంత్రం మా మేనేజర్ ఏకాంబరం నవ్వు దాచుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"తంబీ, మాకు తెలీదనుకున్నారా? పిల్లే నేరుగా విచారించేదానికి వచ్చింది గదా? ఈ కాలం పిల్లలు తువ్వాలు కొనరు, ఫారం ఇస్తారు!"

"అయ్యో, అది రీసెర్చ్ అన్నా!"

"సరి సరి. నేను అందరికీ చెప్పేసినాను. మంచి మాటకు ఐదు, చెడ్డ మాటకు ఒకటి. అక్కడక్కడ ఒక నాలుగు. లేకపోతే అనుమానం వస్తుంది పాపకు."

నేను పగలబడి నవ్వాను. మర్నాడే మనస్వికి ఫోన్ చేసి చెప్తే ఇద్దరం కలిసి నవ్వుకునేవాళ్ళం, ఫారాలు మళ్ళీ రాయించుకునేది. చెప్పలేదు. ఆ నలభై రెండు మందీ నన్ను పెళ్ళికొడుకును చేశారు, అది నాకు తియ్యగా ఉంది. నిజం అంతే.

రెండోసారి ఆమె అరవవాళ్ళ ఐప్పశి నెలలో వచ్చింది. దీపావళి రద్దీ, పైన ఎడతెగని వాన. ఫారాలు తీసుకుని స్టేషన్‌కు బయలుదేరుతుంటే వెనకాలే గొడుగుతో పరిగెత్తాను.

"గొడుగు తెచ్చుకోలేదా?"

"మా స్టైపెండ్‌లో గొడుగు రాదు సార్."

"సార్ వద్దు. రాఘవ అను చాలు."

"అట్లయితే రాఘవా, గొడుగు నా మీద కాదు, ఫారాల మీద పట్టు."

ఆమె ఊరికెళ్ళే అరక్కోణం వైపు బండి లేటు. ప్లాట్‌ఫారం మీద చెరొక టీ పట్టుకుని నిలబడ్డాం. ఆమె జుట్టు చివర నుంచి నీటిచుక్కలు టీలో పడుతున్నా చూసుకోకుండా మాట్లాడుతోంది.

"మీ షాపులో నలభై రెండు మందీ ఇష్టంతో ఉండేవాళ్ళ గుంపులోనే వచ్చినారు తెలుసా? నేను తిరిగిన తొమ్మిది షాపుల్లో యాడా ఇట్ల లేదు. మా గైడ్ నమ్మలేదు. రెండోసారీ అట్లే వస్తే నమ్ముతానన్నాడు. ఇప్పుడు పైపైన చూసినాను, అట్లే ఉంది."

"మా వాళ్ళు మంచోళ్ళులే" అన్నాను నేలచూపులు చూస్తూ.

"నీకొక మాట చెప్తాను, నవ్వకూడదు. మా అక్కను ఇచ్చేటప్పుడు విచారించినచోటంతా పిల్లోడు బంగారం అన్నారు. ఆర్నెల్లకు అక్క దెబ్బలతో ఇంటికొచ్చింది. అప్పట్నుంచి ఎవరి మాటా నమ్మేది లేదనుకున్నాను. నీ దగ్గర పనిచేసే నలభై రెండు మంది, పేరు లేకుండా, రెండుసార్లు ఇక్కడ బాగుందనే చెప్పినారు." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "అది చాలు నాకు."

చెప్పరా, ఇప్పుడే చెప్పరా అని లోపల ఎవడో నన్ను పీకుతున్నాడు. కానీ చెప్తే ఈ అమ్మాయి వెళ్ళిపోతుంది. "నాక్కూడా నువ్వంటే..." అని మొదలుపెట్టాను. బండి వచ్చింది. ఎక్కి కిటికీలోంచి చెయ్యి చాపింది. నేను పట్టుకున్నాను.

తర్వాతి మూడు నెలలు నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ గడవలేదు. ఫోన్లు, పూండి చెరువు గట్టు మీద వేయించిన చేపలు, తగువులు. ఇంట్లో కూడా తెలిసిపోయింది, మా అమ్మ అప్పుడే పట్టుచీరలు పక్కన పెట్టసాగింది. ప్రతిరోజూ రేపు చెప్తాననుకున్నాను.

మూడోసారి మనస్వి గోడౌన్‌లో ఫారాలు పంచుతోంది. నేను కాఫీ తీసుకుని గుమ్మం దాకా వెళ్ళాను. చీరల సెక్షన్ చెంగమ్మ ఫారం చేతిలో పట్టుకుని అడుగుతోంది. పద్నాలుగేళ్ళుగా మా దగ్గర నిలబడి నిలబడి ఆమె పిక్కల్లో నరాలు తాళ్ళలా ఉబ్బాయి.

"పాపా, కల్యాణం ఎప్పుడమ్మా?"

"ఎవరి కల్యాణం అక్కా?"

"మీదే, చిన్నయ్యదీ మీదీ. అడిగేది ఏంటికంటే, అది అయిపోతే ఇట్ల ఐదు వేసే పని ఉండదు గదా? ఈ 'నా ఒళ్ళు బాగుంది' అనేదానికి ఐదు వేసేటప్పుడల్లా పాపం చేసినట్ల ఉంటుంది పాపా. రేత్రి కాళ్ళు నొప్పికి నిద్రే లేదు."

మనస్వి ఫారాలు పక్కన పెట్టింది. చెంగమ్మను అట్టపెట్టె మీద కూర్చోబెట్టి, ఆమె చెప్పిందంతా విన్నది. తర్వాత లేచి నన్ను చూసింది.

"నీకు తెలుసా?"

కాఫీ కింద పెట్టి తలూపాను.

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచి."

"రీసెర్చ్ పేపరు పోతే పోనీ, ఇంకో సంవత్సరం తిరుగుతాను" అంది. "మా అక్క సంగతి చెప్పినాను గదా రాఘవా నీకు. వానలో నిలబడి చెప్పినాను గదా!"

"ఎవరినీ నేను రాయమని చెప్పలేదు మనస్వీ. వాళ్ళే నా మీద ప్రేమతో..."

"ప్రేమా? సంబంధం చెడిపోతే పని పోతుందని భయం. నీకు ఆ తేడా ఇంకా తెలీలేదు!" కళ్ళు తుడుచుకుంది. "ఈ షాపులో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, భయం లేకుండా రాసిన ఫారం పంపించు. అప్పుడు నీ ఫోన్ ఎత్తుతాను."

మా నాన్నతో మొదటిసారి గొడవపడ్డాను. "కొనేవాళ్ళు నిలబడుంటే అమ్మేవాళ్ళు కూర్చుంటారా?" అని ఆయన, పద్నాలుగేళ్ళ కాళ్ళు చూడమని నేను. నేను రెండు రోజులు అన్నం ముట్టకపోతే ఫ్లోరుకు నాలుగు స్టూళ్ళు వచ్చాయి. ఎవరూ కూర్చోలేదు.

తర్వాత అందరినీ పిలిచాను. "ఇది పెళ్ళి విచారణ కాదు. పేరు రాయొద్దు, నేను చూడను, డబ్బాలో వేసేయండి. నిజం రాయండి, మీకు దండం పెడతాను" అన్నాను. నిజంగానే దండం పెట్టాను. ఏకాంబరాన్ని ఆ రోజు సెలవులో పంపేశాను.

చూడనన్న మాట నిలబెట్టుకోలేకపోయాను. సాయంత్రం డబ్బా తెరిచాను. నలభై ఒక్క ఫారాలు. మంచి మాటకు ఐదు, చెడ్డ మాటకు ఒకటి. అక్కడక్కడ ఒక నాలుగు.

చెంగమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది, కళ్ళనిండా నీళ్ళు.

"నా నోటి వల్ల మీ కల్యాణం చెడిపోయినాది తంబీ. ఈసారి ఎవురూ తప్పు చెయ్యలేదు. నేనే ఒక్కొక్కర్నీ పట్టుకొని ఐదే వెయ్యమని చెప్పినాను."

"మంచిదక్కా" అన్నాను.

మిగిలిన ఖాళీ ఫారం ఒకటి తీసుకుని నేను నింపాను. ఈ పని ఇష్టంతో చేస్తున్నాను, ఒకటి. వదిలేస్తే ఇంట్లోవాళ్ళు బాధపడతారు, ఐదు. వేరే దారి లేదు, ఐదు. నన్ను చూస్తే నాకు గౌరవం కలుగుతుంది, ఒకటి. కింద పేరు కూడా రాశాను. బతుకులో అంత నిజం ఎప్పుడూ రాయలేదు. ఫొటో తీసి పంపించాను.

మర్నాడు మధ్యాహ్నం జవాబొచ్చింది.

"నిజమే రాసినావు రాఘవా. చదివి ఏడ్చినాను కూడా. కానీ నిజం చెప్తే నిన్ను పనిలోంచి తీసేసేవాళ్ళు ఎవరు?"

గల్లా ముందు కూర్చుని జవాబు టైపు చేయడం మొదలుపెట్టాను. చెరిపేశాను. మళ్ళీ మొదలుపెట్టాను. ఎదురుగా స్టూళ్ళు ఖాళీగానే ఉన్నాయి, అందరూ నిలబడే ఉన్నారు.