ఛాయా టాకీస్ జనానా తెర

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు పోతుంటే, చెప్పుల దుకాణానికీ జిరాక్సు కొట్టుకీ మధ్య ఒక సందు ఉండేది. ఆ సందు చివర ఛాయా టాకీస్.

రాత్రి తొమ్మిది దాటితే అందులోకి మనిషి అడుగు పెట్టేవాడు కాదు. కుక్కలు కూడా వెనక్కి నడుచుకుంటూ బయటికొచ్చేవి — టాకీసుకు వీపు చూపించడానికి భయపడి. నా కళ్ళతో చూశాను. ఒకటా రెండా, వంద కుక్కలు!

ఎందుకంటే... లైట్లు ఆరగానే లోపల, పైఅంతస్తులో, తెర జరిగేదట. ఇనప కడ్డీ మీద ఇత్తడి రింగులు... సర్‌ర్‌ర్‌ర్...

టాకీస్ మూతపడి అప్పటికి పదిహేనేళ్ళు. లోపల బొమ్మ లేదు, మెషీను లేదు, కూర్చోవడానికి కుర్చీ లేదు.

మరి ఆ తెర ఎవరి కోసం తీస్తున్నట్టు?

ఈ సంగతి తెలియక, పాపం, ఆ టాకీసును లీజుకు తీసుకున్నాడు భీమవరం బుచ్చిబాబు. తొంభై తొమ్మిదో సంవత్సరం అది. ఊరంతా కంప్యూటర్ పిచ్చి. ఒక్కో కరెంటు స్తంభానికి వెయ్యేసి కోచింగ్ పోస్టర్లు. పాన్ డబ్బా వాడు కూడా సున్నం రాస్తూ జావా గురించి మాట్లాడేవాడు. బుచ్చిబాబు చేపల చెరువు అమ్మేసుకుని వచ్చి, హాలు నిండా ప్లైవుడ్ గోడలు కొట్టించి, ఐదు క్లాసు రూములు చేయిద్దామనుకున్నాడు.

రెండు గదులయ్యాయి. మూడో రాత్రి వడ్రంగులు ఉలి, రంపం అక్కడే వదిలేసి ఎర్రమంజిల్ దాకా పరిగెత్తారు. ఒకడైతే పరిగెత్తి పరిగెత్తి సొంతూరు నిజామాబాదులోనే ఆగాడట.

దెయ్యం సంగతి తెలియాలంటే ముందు టాకీస్ పుట్టుక తెలియాలి. నాకంటే బాగా చెప్పేవాళ్ళు లేరు. నాకిప్పుడు డెబ్బై ఆరు. బస్సులో మాత్రం తొంభై అంటాను, సీటు దొరుకుతుందని.

నలభై మూడులో, యుద్ధం రోజుల్లో, హనుమత్ప్రసాద్ గారని చింతపండు వ్యాపారి ఉండేవారు. ఆయనకు టాకీస్ పెట్టాలని పట్టింది. కొత్త కట్టడానికి ఇనుమేదీ, సిమెంటేదీ? అంతా యుద్ధానికే పోయె. అందుకని గుర్రాల దాణా నిలవచేసే గోదామొకటి కొన్నారు. చివరి ఆట దాకా ఇంటర్వెల్లో ఉలవల వాసన వచ్చేది మాకు.

ఇంగ్లండు సీమ నుంచి ఓడలు రావడం మానేశాయి కనక బొమ్మ ఆడించే కొత్త మెషీను ఆశ లేదు. గుల్బర్గా దగ్గర ఒక టూరింగ్ టాకీస్ యజమాని, తన పనివాళ్ళంతా పటాలంలో చేరిపోతే, డేరా విప్పేసి మెషీను అమ్మేస్తున్నాడని తెలిసింది. హనుమత్ప్రసాద్ గారి దగ్గర అంత డబ్బు ఎక్కడిది? భార్య ఛాయాదేవి గారు నడుముకున్న వడ్డాణం తీసి బల్ల మీద పెట్టారు.

"టాకీసుకు నా పేరు పెట్టాలి. పైన మొదటి కుర్చీ నాది" అన్నారట. అంతే బేరం.

లారీలకు పెట్రోలు లేదు. మెషీను బండి మీద వచ్చింది. నలభై ఎద్దులు లాగాయి!

గుడ్డకు కూడా రేషను. ఆరు పంచెలు కలిపి వెండితెర కుట్టారు. ఎంత అందగాడైన హీరోకైనా ముక్కు మీద అడ్డంగా కుట్టు కనిపించేది. వెలుగుకు వాడే కార్బన్లు దొరక్క కాలగా మిగిలిన ముక్కలే అతికించేవారు. హీరోయిన్ ఏడుపు మొదలెట్టేది వెలుతురులో, ముగించేది చీకట్లో.

పనివాళ్ళ కరువు వేరే. పిండిగిర్నీ ఇంజను నడిపే పెంటయ్యను పట్టుకొచ్చి ఆపరేటర్ని చేశారు. "ఇంజనంటే ఇంజనే గద దొరా, గది పిండి తిప్పుతది, గిది బొమ్మ తిప్పుతది" అన్నాడు వాడు. వాడి చేతిలో బొమ్మ కూడా పిండిలాగే అప్పుడప్పుడూ బరగ్గా, అప్పుడప్పుడూ మెత్తగా వచ్చేది.

అసలు కష్టం జనానాతో వచ్చింది. జనానా అంటే పైన ఆడవాళ్ళు కూర్చునే చోటు. ముందు పెద్ద తెర. లైట్లు వెలుగుతున్నంతసేపూ తెర మూసుండాలి, కింద మగవాళ్ళ కళ్ళు పడకుండా. లైట్లు ఆరగానే తెర తీస్తే బొమ్మ చూస్తారు. మళ్ళీ లైటు వస్తే మళ్ళీ మూయాలి. వేరే చోట్ల ఆటకు రెండు మూడుసార్లు చేస్తే సరి. మాకున్నది ఒక్క మెషీను. రీలు మార్చిన ప్రతిసారీ లైట్లు వెయ్యాలి. పదకొండు రీళ్ళు — పదకొండుసార్లు మూయడం, పదకొండుసార్లు తీయడం.

ఆ పనికి ఆడమనిషే కావాలి. ఏ ఇంటివాళ్ళు పంపుతారు ఆడపిల్లను టాకీసు పనికి? మూడు నెలలు వెతికితే ఇద్దరం దొరికాం. టికెట్లు చింపడానికి, గోదాము గుమాస్తా కూతురు వసుమతిని — నేను. తెర లాగడానికి, తండ్రి లేని పిల్ల చాంద్ బీ. దానికి జ్వరమొస్తే రెండు పనులూ నేనే.

ఛాయాదేవి గారు రోజూ మొదటి కుర్చీలో, తెర పక్కనే. చీకటి పడ్డాక తెర రెప్పపాటు ఆలస్యమైతే చాలు — "ప్చ్!" అని, చెయ్యి చాపి ఆవిడే లాగేసేవారు. ఆ "ప్చ్" కింద నేల టికెట్టు వాళ్ళకు కూడా వినిపించేది. డెబ్బై రెండులో పోయారు ఆవిడ. టాకీస్ ఇంకో పన్నెండేళ్ళు నడిచి ఆగింది.

నేను పెళ్ళి చేసుకుని పక్క సందులోకి వెళ్ళాను. చాంద్ బీ ఎక్కడికీ వెళ్ళలేదు. జనానా మెట్ల కింద గదిలో ఉండిపోయింది. మెషీను పోయింది, కుర్చీలు పోయాయి. పైనున్న తెరను మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

వడ్రంగులు పారిపోవడానికి ముందురోజు, అలాంటి చాంద్ బీ దగ్గరికి వచ్చి బుచ్చిబాబు చేతులు నలుపుకుంటూ అన్నాడు కదా — "ఏమీ అనుకోకండి చాంద్ బీ గారూ. సోమవారం జనరేటర్ వస్తుందండీ. ఈ మెట్ల కింద తప్ప చోటు లేదు. గది కొట్టేయాలి."

ఆ సాయంత్రం అది మా ఇంటికొచ్చి గడప మీద కూలబడింది.

"వసూ, యాభై ఏండ్ల సంది గా మెట్ల కిందనే పంటున్న. గిప్పుడు నేనేడికి పోవాలె?"

"నీకేం ఫికర్ వద్దే" అన్నాను. "దెయ్యముందిగా."

బుచ్చిబాబు మొండివాడు. వడ్రంగులు రామన్నారు, చేరిన నలభైమంది పిల్లల్లో ఆడపిల్లల తల్లులు ఫీజు వెనక్కిమ్మన్నారు. దాంతో శనివారం సందు మొగలో నిలబడి ప్రకటించాడు: "ఈ రాత్రి నేనొక్కణ్ణే లోపల పడుకుంటాను. తెల్లారి నవ్వుతూ బయటికొస్తాను. ఆదివారం గది కూలుస్తాం, సోమవారం క్లాసులు!"

వాచ్‌మన్ ఖాదర్ చేతులెత్తేశాడు. "సాబ్, నాకు ముగ్గురు పిల్లలున్నరు. గేటు బయట తెల్లారేదాంక నిలబడ్త. లోపల మాత్రం పండ."

ఇక ఆ రాత్రి జరిగింది బుచ్చిబాబు నోట విన్నదే. నేను ఒక్క మాట కూడా కలపడం లేదు. కలపాల్సిన పనే లేదు.

హాలు మధ్యలో చాప వేసుకున్నాడు. ఒక బల్బు వెలుగుతోంది. ఒక పక్క ప్లైవుడ్ గోడలు, ఒక పక్క ఉలవల వాసన. పైన... చీకట్లో... మూసి ఉన్న జనానా తెర.

పదకొండున్నరకు కరెంటు పోయింది.

ఊపిరి బిగబట్టాడు. ఒకటి... రెండు...

సర్‌ర్‌ర్‌ర్...

ఇత్తడి రింగులు!

టార్చి వెలిగించి పైకి కొట్టాడు. తెర తీసి ఉంది. చూస్తుండగానే — సర్‌ర్‌ర్! — మూసుకుపోయింది.

"గాలి" అనుకున్నాడు. అది ఆషాఢం, గాలి ఉంటుంది. నిజమో కాదో చూద్దామని టార్చి ఆర్పాడు.

సర్‌ర్‌ర్... తెరుచుకుంది.

వెలిగించాడు.

సర్‌ర్‌ర్... మూసుకుంది.

గాలికి టార్చి సంగతి ఏం తెలుసు?

బుచ్చిబాబు ఆంజనేయ దండకం ఎత్తుకున్నాడు. మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. ఎంతసేపటికో చేతిలో టార్చి సన్నబడింది... ఎర్రబడింది... తనంతట తానే ఆరిపోయింది.

చీకటి.

ఈసారి ఏ చప్పుడూ లేదు. ఒక క్షణం... రెండు క్షణాలు... హమ్మయ్య, పోయిందనుకున్నాడు.

అప్పుడు పైన, చీకట్లో, ఎవరో విసుగ్గా —

"ప్చ్!"

ఆ వెంటనే... మెల్లిగా... ఒక్కొక్క రింగే... తెర తెరుచుకుంది.

గేటు తాళం వేసి ఉందని బుచ్చిబాబుకు గుర్తు లేదు. గేటు మీద నుంచి దూకాడు. ఎనిమిదడుగుల గేటు! ఎగిరి నేరుగా ఖాదర్ చంకలో పడ్డాడు.

తెల్లారి ఇరానీ హోటల్లో దొరికాడు నాకు. ఏడో చాయ్ తాగుతున్నాడు. పక్కన ఖాదర్, గుండె మీద ఇంకా చెయ్యి వేసుకునే ఉన్నాడు.

"మామ్మగారూ, అది దెయ్యమే. కానీ ఏం పద్ధతి గల దెయ్యమండీ! వెలుతురు పడితే తెర వేసేసుకుంటుంది. చీకటైతేనే తీస్తుంది. మూడుసార్లు తీసింది. మూడోసారి నేనేదో తప్పు చేసినట్టు 'ప్చ్' అని కూడా అంది."

అచ్చం అలాగే అనుకరించి చూపించాడు. నా సాసర్లో చాయ్ చీర మీద ఒలికింది. వేడి, మరేం లేదు.

"నాయనా," అన్నాను తుడుచుకుంటూ, "ఆ తెర లాగిన చెయ్యి చాంద్ బీది. అది మెట్ల కింద ఉన్నన్నాళ్ళు దెయ్యం దాని మాట వింటుంది. దాన్ని వెళ్ళగొడితే మాత్రం... నీ కంప్యూటర్లలో కూడా దూరుతుంది."

"అమ్మో! వైరస్సా అండీ?"

"అంతకంటే పెద్దది."

ఖాదర్ గొంతు తగ్గించి అన్నాడు, "సాబ్, నా మాట ఇనుండ్రి. జనరేటర్ ఎనకకు పెట్టుండ్రి. చాంద్ బీనే పైన కాపలా పెట్టుండ్రి."

భీమవరం బుర్ర మరి, ఊరుకుంటుందా? వారం తిరక్కుండా సందు మొగలో బోర్డు వెలిసింది: 'ఆడపిల్లలకు పైన ప్రత్యేక బ్యాచ్. లేడీ గేట్‌కీపర్ కలదు.' తల్లులు బల్కంపేట నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో పిల్లల్ని వెంటబెట్టుకొచ్చారు. మొదటి రోజే పదివేలమంది చేరారు! చాంద్ బీ మెట్ల మొదట్లో స్టూలు వేసుకుని కూర్చునేది. మగపిల్లలెవరైనా అటు అడుగేస్తే, "ఏం బాబూ, ఈ పక్క నీకేం పని? నడువ్!" అనేది. నెలకు జీతం. గది గదే. తెర తెరే.

నలభై మూడులో ఒకసారి, తొంభై తొమ్మిదిలో ఒకసారి, అదే జనానాకు అదే కాపలా ఉద్యోగం. అలాంటి జాతకం ఎవరికైనా ఉందా చెప్పండి!

ఇక నా పాపం ఒప్పుకుంటాను. అంతా అయిపోయింది, ఎవరూ ఏమీ చెయ్యలేరు.

పదిహేనేళ్ళుగా దెయ్యం కబుర్లు పుట్టించింది నేనే, ఒంటరి ఆడది ఉండే చోటికి దొంగలు రాకూడదని. వడ్రంగుల్ని తరిమింది చాంద్ బీ. శనివారం రాత్రి మాత్రం దానికి కుదరలేదు. బల్కంపేటలో మేనకోడలు ఇఫ్ఫత్‌కు నొప్పులొచ్చాయని కబురొస్తే వెళ్ళింది. తెల్లారేదాకా అక్కడే ఉంది.

కాబట్టి పైన ఉన్నది నేను. డెబ్బై దాటిన మోకాళ్ళతో, వెనక వైపున్న జనానా మెట్లెక్కి.

తెర తీసి ఒక్క అరుపు అరుద్దామని నా పథకం. ఆ కుర్రాడు టార్చి వేశాడు. వెలుతురు పడగానే నా చెయ్యి దానంతటదే తెర మూసేసింది. దెయ్యాన్నన్న సంగతి మర్చిపోయాను, డ్యూటీ గుర్తొచ్చింది! ఆర్పగానే తీశాను, వెలగగానే మూశాను. అరుపు సంగతి గుర్తొచ్చేలోపు మోకాలు పట్టేసింది. ఇక లాభం లేదని గోడ పట్టుకుని మెల్లగా దిగిపోయాను.

ఈ కథలో నేను చెప్పిన అంకెలన్నీ కోసుకోండి. ఎద్దులు నలభై కాదు, నాలుగు. కుక్క ఒక్కటే, అదీ కుంటిది. పదివేలమంది అన్నది డెబ్బైమంది. గేటు నాలుగడుగులుంటే ఎక్కువ.

కానీ ఒక్క అంకె విషయంలో మాత్రం అబద్ధం ఆడలేను. బుచ్చిబాబు తెర మూడుసార్లు తెరుచుకుందంటాడు.

నేను తీసింది రెండుసార్లే.

అతని టార్చి ఆరిపోయే వేళకు నేను కింద, చాంద్ బీ గదిలో, కుండలోంచి నీళ్ళు ముంచుకుంటున్నాను. నా తల మీద, పైఅంతస్తులో, రింగులు ఒక్కొక్కటే జరగడం నేనూ విన్నాను.

చీకటి పడ్డాక తెర తీయడం ఆలస్యమైంది మరి. మొదటి కుర్చీలో ఆవిడ ఎప్పుడు ఊరుకున్నారు గనక!