వదిలేసిన వత్తు

చదివే అక్కచెల్లెళ్ళు ముందుగా నన్ను మన్నించాలి. నాకు అక్షరాలు వచ్చింది జుట్టు నెరిశాక. గుణింతాలు సగమైనా లొంగాయి గానీ వత్తులు ఇప్పటికీ నా మాట వినవు. ఉండాల్సిన చోట ఉండవు, పిలవని చోటికి వచ్చి కూర్చుంటాయి. చెయ్యి కూడా నిదానం. పాలు కాగేలోపు ఒక వాక్యం రాస్తే ఆ పూట నేను పరుగెత్తినట్టే. ఇందులో తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఒక్కచోట మాత్రం దిద్దకండి. ఎక్కడన్నది చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ఆ ఉదయం కోడలు లాప్‌టాప్ ముందు కూర్చుని ఏడుస్తోంది...! అత్తను చూడగానే కొంగుతో కళ్ళు ఒత్తుకుని, నలక పడిందంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ నలక వారం రోజులుగా రోజూ అదే వేళకు ఎలా పడుతోందో అత్తకు అంతుపట్టలేదు. చొక్కాలకు బొత్తాలు కుట్టి బతికిన మనిషి ఆమె. చుట్టుపక్కల అందరూ బొత్తాలమ్మ అనే పిలుస్తారు. భర్త పోయాక ఒంటిచేత్తో కొడుకును పెంచింది. ఆ కొడుకు లారీ డ్రైవరు, ఇంట్లో ఉండేది తక్కువ, రోడ్డు మీద ఉండేది ఎక్కువ. ఇంట్లో మిగిలింది అత్తాకోడళ్ళే. మధ్యాహ్నం అన్నాలయ్యాక కోడలు అత్తకు చదువు చెప్పేది. ఒక్క వత్తు జారినా ఒప్పుకునేది కాదు, "మళ్ళీ చదవండి అత్తయ్యా" అని వేలు పెట్టి చూపించేది.

ఈమధ్యనే కోడలికి ఇంటి నుంచి చేసుకునే ఉద్యోగం దొరికింది. డాక్టర్లు చెప్పిన మాటలు చెవిలో వింటూ రిపోర్టులు టైపు చేసి పంపాలి. లాప్‌టాప్ ఆఫీసువాళ్ళే ఇచ్చారు. ఇంట్లో నెట్ ఉండాలని, ఫైళ్ళు వేళకు రాకపోతే ఉద్యోగం ఉండదని ముందే చెప్పారు. ఫోనులో వచ్చే నెట్ మాటిమాటికీ తెగిపోయేది. వైరు వేయిద్దామంటే, గోడకు మేకు కొడితే తన గుండెకే కొట్టినట్టు విలవిల్లాడే ఇల్లుగలాయన చిల్లు పెట్టనివ్వనన్నాడు. అయినా పని సాగిపోతోంది. నెట్ అంటే గాలిలాంటిది కాబోలు, కిటికీ తీస్తే వస్తుందేమో అనుకుంది అత్త.

పిల్ల ఎందుకు ఏడ్చిందో చూద్దామని ఆమె కళ్ళజోడు పెట్టుకుని తెర మీదికి వంగింది. చిన్న చిన్న పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషే. ఒక్కటే మన అక్షరాల్లో ఉంది. కూడబలుక్కుని చదివింది. సి... గ... లే... దా. సిగలేదా! ఆమెకు నవ్వాగలేదు. కింది వాటాలో ఆడవాళ్ళ జుట్టు పార్లరు ఉంది మరి. కత్తిరించి పంపే కొట్టుకు అంతకన్నా మంచి పేరు ఏముంటుంది! వంటింట్లోకి వెళ్ళి తన సిగ తడుముకుంటూ, "నాకుంది తల్లీ, పిడికెడైనా ఉంది" అని కోడలితో చెప్పి నవ్వింది. కోడలి మొహం పాలిపోయింది. పొయ్యి వైపు తిరిగి, "అవునత్తయ్యా... పార్లరుదే ఆ పేరు" అంది.

ఆ నవ్వు కడుపులో దాచుకోలేకపోయింది బొత్తాలమ్మ. చొక్కాల మూట దర్జీకొట్లో ఇచ్చి రావడానికి దిగినప్పుడు పార్లరు గుమ్మంలో ఆగింది. లోపల మెడలకు తువ్వాళ్ళు కట్టుకుని ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. భలే పేరు పెట్టావమ్మాయ్, సిగలేదా అని మా పైదాకా కనిపిస్తోంది, అని అందరూ వినేలా మెచ్చుకుంది. పార్లరామె చేతిలో కత్తెర ఆగిపోయింది.

"వెక్కిరిస్తున్నారా పిన్నిగారూ? సిగ కాదది, సిగ్గు. గకు కొమ్ముంది, కింద ఇంకో గ ఉంది, సరిగ్గా చూసుకోండి. ఒక్కరోజుకని నా నెట్ పాస్‌వర్డ్ ఇస్తే మీ కోడలు వదలనే లేదు. నెట్ చాలక ఫోనులో డబ్బు పడట్లేదు, నా బేరాలు మధ్యలో ఆగిపోతున్నాయి. అందుకే నెట్‌కు ఆ పేరు పెట్టాను, అయినా దాని మీద నొక్కితేగానీ ఆవిడకు తెల్లవారదు. అడగండి."

అద్దాల్లో నుంచి అన్ని మొహాలూ ఆమె వైపే చూశాయి. ఎవరో కిసుక్కుమన్నారు. బొత్తాలమ్మకు భూమి చీలినా బాగుండుననిపించింది. దర్జీకొట్టుకు వెళ్ళాల్సిన కాళ్ళు వెనక్కి తిరిగాయి. మెట్లెక్కుతుంటే చేతిలో మూట రాళ్ళ మూటయింది. వత్తు తప్పితే అర్థం ఇంతగా మారిపోతుందా? దొంగసొమ్ము తింటూ, సొమ్ము పోయినవాళ్ళ గుమ్మంలోకే వెళ్ళి పరాచికాలాడి వచ్చిందే! సగం మెట్ల మీద ఇంకోటి తట్టి ఆమె అక్కడే కూలబడింది. ఏ వత్తునూ వదలని పిల్ల, ఆ ఒక్క వత్తును ఎందుకు వదిలేసింది...?

అత్త ఇంట్లోకి రాగానే కోడలికి అర్థమైపోయింది. చెవుల్లోంచి తీగలు తీసి పక్కన పెట్టింది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఏమని చెప్పను అత్తయ్యా... ఇంటర్వ్యూ రోజున అడిగితే ఆ అక్క కాదనకుండా ఇచ్చింది. ఆ ఒక్కరోజుకే. తర్వాత నేను మరిచిపోయినట్టు నటించాను. ఆవిడా మరిచిపోయిందనుకున్నాను. ఈలోగా మా కోడలికి ఉద్యోగమొచ్చిందని మీరు మెట్ల మీద ప్రతివాళ్ళకీ చెప్పుకున్నారు. ఆ ఉద్యోగం పక్కవాళ్ళ నెట్ మీద నడుస్తోందని ఏ నోటితో చెప్పను?"

"ఆ పేరు చూశాక కూడానా?"

కోడలు తల దించుకుంది. "మొదటిరోజు నొక్కలేకపోయాను. ఫైళ్ళు రాలేదని ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. అప్పుడు నొక్కాను. రెండోరోజు కొంచెం తేలికైంది... దానికే ఎక్కువ భయమేసింది. రోజూ పొద్దున్నే ఆ పేరు అడుగుతుంది అత్తయ్యా, సిగ్గులేదా అని. లేదు అని నొక్కి కూర్చుంటున్నాను."

కొట్టాలన్నంత కోపం వచ్చింది అత్తకు. కానీ ఆ పిల్ల చూపుడువేలు కొంగులో దాచుకోవడం చూసేసరికి ఆ కోపం కళ్ళలోంచి నీళ్ళయి కారిపోయింది. పరువు తీసింది నిజమే. ఆ పరువు కోసమే రోజూ ఒంటరిగా ఏడ్చింది కూడా నిజమే! తను తప్పు చదివి నవ్వితే, ఆ నవ్వు చెరపలేకే కదా దిద్దకుండా ఊరుకుంది...

"ఆ పేరు మీద ఇంక చెయ్యి వెయ్యకు తల్లీ. ఉద్యోగం పోతే బొత్తాలున్నాయి. మెట్లు దిగే మొహం పోతే ఏం కుట్టుకుంటాం?"

కోడలు ఆఫీసుకు ఫోను చేసి నిజం చెప్పేసింది. అవతలావిడ మందలించలేదు, జాలి కూడా పడలేదు. రేపు సాయంత్రంలోగా సొంత నెట్ లేకపోతే లాప్‌టాప్ తెచ్చి అప్పగించమంది.

మర్నాడు అత్తాకోడళ్ళు పార్లరు ముందు నుంచి తలలు వంచుకుని, అద్దె ఎగ్గొట్టినవాళ్ళలా గబగబా నడిచి ఫోన్లకొట్టుకు వెళ్ళారు. కొట్టతను కొమ్ములున్న పెద్ద పెద్ద పెట్టెలు చూపించాడు. కోడలు అవన్నీ పక్కకు జరిపి, వైరూ చిల్లూ అక్కర్లేకుండా సిమ్ కార్డు వేస్తే చాలే చిన్న డబ్బా అడిగింది. అందులోనూ అన్నిటికన్నా చౌక ప్లాను చాలంది. టైపు చేసిన కాగితాలు పంపడానికి బోలెడంత నెట్ అక్కర్లేదట. దీంట్లో సినిమాలు చూడలేరమ్మా అని కొట్టతను హెచ్చరించాడు. సినిమా మా ఇంట్లోనే నడుస్తోంది నాయనా, ఇవ్వు, అంది బొత్తాలమ్మ. ఆ మాటకు కోడలు వారం రోజుల్లో మొదటిసారి నవ్వింది.

ఇంటికొచ్చి డబ్బా తగిలిస్తే ఎర్రలైటు వెలిగింది. సిగ్నల్ సరిగా లేదని అర్థమట. వంటింట్లో ఎరుపే. బీరువా మీద ఎరుపే. మంచం పక్కనా ఎరుపే! సాయంత్రం దగ్గరపడుతోంది. చివరికి అత్త బొత్తాలు కుట్టుకునే కిటికీ దగ్గర పెడితే పచ్చలైటు వచ్చింది. అక్కడున్నది ఒకటే ప్లగ్గు. అందులో అత్త కుట్టుదీపం ఉంది. అడగకుండానే ఆమె ఆ దీపం ఊడదీసింది. మీ కళ్ళు పాడవుతాయని కోడలు చెయ్యి పట్టుకుంటే, బొత్తాలకు వేళ్ళు చాలు, కళ్ళు ఊరికే తోడొస్తాయి అంది.

ఇంతలో డబ్బాకు పేరు పెట్టమంది లాప్‌టాప్. చుట్టుపక్కల అందరికీ కనబడే పేరు. అప్పుడే ఫోనులో ఉన్న కొడుకుకు సంగతి తెలిసి, "నీకెందుకు" అని పెట్టండమ్మా, కిందావిడ కుదురుకుంటుంది, అన్నాడు. బొత్తాలమ్మ ఒప్పుకోలేదు. పేరంటే పిలిచేలా ఉండాలి గానీ కరిచేలా ఉండకూడదంది. కోడలు లాప్‌టాప్ ఆమె వైపు తిప్పింది. ఆమె ఒక్కొక్క అక్షరం వెతికి నొక్కింది. బొత్తాలు. త కింద త వచ్చిందో లేదోనని ముక్కు తెరకు తగిలేదాకా వంగి చూసుకుంది. వచ్చింది!

ఆ రోజు ఫైళ్ళు వేళకే వెళ్ళాయి. వెంటనే కోడలు కిందికి దిగింది. గుమ్మంలో అత్త నిలబడి ఉండగా, ఎవరూ లేనప్పుడు కాదు, తువ్వాళ్ళు కట్టుకున్నవాళ్ళందరి ముందే చెప్పింది. "అక్కా, తెలిసే వాడుకున్నాను. తప్పు నాది. మా అత్తయ్యకు ఏమీ తెలియదు. ఆవిడ వెక్కిరించలేదు, నిజంగానే అలా చదివింది." పార్లరామె దువ్వుతున్న జుట్టు మీది నుంచి చూపు ఎత్తలేదు. సరేలే అంది, అంతే.

ఆ తర్వాత కూడా రోజూ లాప్‌టాప్ తెరిస్తే 'బొత్తాలు' కింద ఆ పేరు అలాగే కనబడేది. నొక్కక్కర్లేదు గానీ చూడక తప్పదు. పార్లరు దాటేటప్పుడు వాళ్ళ తలలు వాటంతటవే వంగేవి. అత్త చదువు మానేసింది. అక్షరాలు చూస్తేనే అద్దాల్లోని ఆ మొహాలు గుర్తొచ్చేవి.

ఒకరోజు పొద్దున్నే కోడలు గట్టిగా పిలిచింది. "అత్తయ్యా, ఇలా వచ్చి ఇది చదవండి." వద్దన్నా వినలేదు. కళ్ళజోడు తనే తెచ్చి పెట్టింది. ఆమె భయం భయంగా చూసింది. సి... గ... లే... దా. గకు కొమ్ము కోసం, కింద గ కోసం వెతికింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ వెతికింది.

"మళ్ళీ తప్పే చదివాను కదూ తల్లీ?"

"లేదత్తయ్యా..." కోడలు తెర మీద వేలు పెట్టి చూపించింది. "వత్తు లేదు, కొమ్మూ లేదు. నిజంగానే లేదు. తీసేసింది."

ఆ పూట మూట పట్టుకుని దిగుతుంటే పార్లరు గుమ్మంలో ఆవిడే నిలబడి ఉంది. ఈసారి తల వంచుకున్నది ఆవిడ. దువ్వెనను చేతిలో తిప్పుకుంటూ, "సిగ జారిపోతోంది పిన్నిగారూ... వచ్చి కూర్చోండి, బిగిస్తాను" అంది. బొత్తాలమ్మ మూట గుమ్మంలో పెట్టి, అందరూ చూస్తుండగా అద్దం ముందు కూర్చుంది. పిడికెడు జుట్టుకు ఆవిడ చాలాసేపు తీసుకుంది. ఇద్దరూ అద్దంలోకి చూడలేదు.

ఇట్లు,
బొత్తాలమ్మ. వయసు అరవై నాలుగు. ఇప్పటికీ 'సిగలేదా' పైవాటాలోనే, కిటికీ పక్కన, పచ్చలైటు వెలుగులో.